దైవరహిత పునఃపరీక్ష

మా విశ్వవిద్యాలయం దేవుడి మీద కేసు పెట్టిందని ఊళ్లో చెప్పుకుంటున్నారు. అది శుద్ధ అబద్ధం. మేము ఆయనకు ఒక మెమో ఇచ్చాం, అంతే. పదిహేను రోజులు గడువు కూడా ఇచ్చాం. జవాబు రాలేదు. జవాబు రాని మెమోలు మా రికార్డు రూములో నాలుగు బీరువాల నిండా ఉన్నాయి కాబట్టి, దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఎవరూ గుండెలు బాదుకోనక్కర్లేదు.

నా పేరు రంగనాయకులు. పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుని. ముప్ఫై ఒక్క ఏళ్లుగా నా పొట్టి సంతకం పడకుండా ఈ విశ్వవిద్యాలయంలో ఎవరూ పట్టభద్రులు కాలేదు. నేను మాత్రం డిగ్రీ రెండో ఏట ఆగిపోయాను. ఆ సంగతి ఇక్కడ అప్రస్తుతం.

జరిగింది ఇది. వృక్షశాస్త్రం ఎమ్మెస్సీలో బత్తుల మస్తానమ్మ అనే అమ్మాయి యూనివర్సిటీ ఫస్టు వచ్చింది. నూటికి తొంభై నాలుగు. విలేకరులు వచ్చారు. పరిపాలన భవనం మెట్ల మీద ఆ పిల్లని నిలబెట్టి, "ఈ విజయం ఎలా సాధించావమ్మా?" అని అడిగారు. పిల్ల తల వంచుకుని, "అంతా దేవుడి దయ సార్" అంది.

ఇందులో వింతేముంది చెప్పండి. పెళ్లి కుదిరినా, ఆపరేషను బాగా జరిగినా, బోరులో నీళ్లు పడినా మనం అనే మాటే కదా. "కులాసాయేనా" అని అడిగినవాడికి "మీ దయ" అంటాం. వాడి దయ ఆవగింజంత లేకపోయినా అంటాం. కానీ మర్నాడు పేపర్లో అది నాలుగు కాలాల వెడల్పున పడింది: "అంతా దేవుడి దయే, టాపర్ మస్తానమ్మ". కింద ఫొటో. ఫొటోలో పిల్ల పక్కన మా వైస్ ఛాన్సలర్ గారు, తమకేమీ ప్రమాదం లేదన్నట్టు నవ్వుతూ ఉన్నారు.

మా ఖర్మ కాలి అదే వారంలో విద్యాసంస్థల విలువ మదింపు మండలి నుంచి ఫారం వచ్చింది. ఏ విశ్వవిద్యాలయానికి ఏ గ్రేడు ఇవ్వాలో తేల్చేది ఈ మండలి. ఫారంలో నూట నలభై గడులు. పద్నాలుగో గడి ఇలా ఉంది: "సంస్థలో చేరకముందు విద్యార్థికి తెలియనిదీ, సంస్థ కొత్తగా నేర్పినదీ ఏమి? ఆధారములతో వివరింపుడు." ఆ గడికి పిన్నుతో మన పేపరు కటింగు గుచ్చి, పక్కన ఒక చీటీ పెట్టారు. "మీ ప్రథమ స్థాన విద్యార్థిని బహిరంగ ప్రకటనను బట్టి ఆమె సాధించినదంతయు దైవకృప. అట్టియెడల మీ సంస్థ వాటాను సున్నాగా నమోదు చేయవచ్చునా? సంజాయిషీ కోరడమైనది."

వైస్ ఛాన్సలర్ గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన కుర్చీ వెనక వేంకటేశ్వరస్వామి పటం, పటం చుట్టూ చిన్న చిన్న రంగు బల్బులు తిరుగుతుంటాయి. దాని కింద కూర్చుని ఆయన బల్ల గుద్దారు.

"ఇది లౌకిక విశ్వవిద్యాలయం. ప్రజాధనంతో నడిచే సంస్థ. తరగతి గదులు మనవి, ప్రయోగశాలలు మనవి, అధ్యాపకులు మనవాళ్లు. తీరా ఫలితం వచ్చేసరికి ఆ ఘనత వేరే యాజమాన్యం కింద పనిచేసే వ్యక్తికి పోవడం సంస్థాగతంగా ఎంతవరకు సమంజసం?"

రిజిస్ట్రార్ పద్మనాభరాజు గారు అప్పటికే నిబంధనల పుస్తకం తెరిచారు. ఆయనకి ఆ పుస్తకం కంఠతా వచ్చు, కానీ చూసి చదివితేనే చట్టబద్ధం అని నమ్మకం.

"పంతొమ్మిది సి అండీ. పరీక్షలో బయటి వ్యక్తి సహాయం పొందినట్లు అభ్యర్థి స్వయముగా అంగీకరించిన యెడల పట్టా నిలుపుదల చేయవలెను. దేవుడు మన విద్యార్థి కాడు, సిబ్బంది కాడు, హాల్ టికెట్టు లేదు. కాబట్టి బయటి వ్యక్తే. పైగా అమ్మాయి 'అంతా' అన్నది. 'కొంత' అని ఉంటే కొన్ని మార్కులు తీసేసి సరిపెట్టేవాళ్లం."

"అది మాటవరసకి అన్నమాటండీ" అన్నాను నేను.

"రంగనాయకులు గారూ, వంటింట్లో అంటే మాటవరస. పత్రికల ముందు అంటే వాంగ్మూలం."

పట్టా ఆపేశారు. ఆ రోజు ఇన్విజిలేషన్ చేసిన లెక్చరరుకి, అనుమతి లేని వ్యక్తిని హాల్లోకి ఎలా రానిచ్చారో చెప్పమని మెమో ఇచ్చారు. "నాకు కనబడలేదు" అని ఆయన రాసిచ్చాడు. విధుల్లో అజాగ్రత్త అని ఒక ఇంక్రిమెంటు కోశారు.

నాలుగు రోజులకి మస్తానమ్మ తల్లిని వెంటబెట్టుకుని మా సెక్షనుకి వచ్చింది. తల్లి పేరు తిరుపతమ్మ, మిర్చి గోడౌనులో ఎండుమిరపకాయల తొడిమలు తుంచే పని. ఆవిడ వేళ్లు ఎర్రగా పొక్కి ఉన్నాయి. నా బల్ల మీద చెయ్యి ఆన్చి, మళ్లీ ఎక్కడ కారం అంటుతుందోనని తీసేసింది.

"సార్, ఒరిజినల్ డిగ్రీ కావాలి" అంది మస్తానమ్మ. "మిరప పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల ముప్ఫయ్యో తారీకులోపు ఒరిజినల్ చూపించి చేరాలి. లేకపోతే వెయిటింగ్ లిస్టులో వాళ్లకి ఇచ్చేస్తారు."

నేను కొత్తగా అచ్చయిన ఫారం చేతికిచ్చాను. దైవ భాగస్వామ్య ప్రకటన పత్రం. సహాయం చేసిన దైవము పూర్తి పేరు, శాశ్వత చిరునామా, అభ్యర్థితో బంధుత్వం, ఏ పేపర్లో ఎన్ని మార్కులు. కింద రెండు గడులు: "దైవ సహాయం పొందితిని", "దైవ సహాయం లేదు". ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి.

పిల్ల ఫారం అంతా చదివింది. "ఏ దేవుడని రాయమంటారు సార్?"

"నీకు తెలియకపోతే నాకెలా తెలుస్తుందమ్మా?"

"అమ్మకి చాన్నాళ్లు పిల్లలు లేకపోతే దర్గాకి మొక్కుకుంది. అందుకని నాకీ పేరు. అమ్మేమో శుక్రవారం శుక్రవారం గుడికెళ్తది. మా అమ్మమ్మ మరియమ్మ, ఆదివారం చర్చికి. పరీక్షలప్పుడు ముగ్గురి దగ్గరికీ పోయారు సార్."

"అయితే ముగ్గురినీ రాసి మార్కులు సమంగా పంచు."

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "తొంభై నాలుగుని మూడు పెట్టి భాగిస్తే ఒకటి మిగుల్తది సార్. ఆ ఒక్కటీ నేను చదివి రాశానని రాయమంటారా?"

పరిహాసమేమో అనుకుని మొహంలోకి చూశాను. పరిహాసం కాదు. పాపం, లెక్క సరిపోవాలని అడుగుతోంది. నాకు తల తీసేసినట్టయింది.

"ఇదంతా ఎందుకు, దైవ సహాయం లేదని టిక్కు పెట్టెయ్యి. రేపే డిగ్రీ ఇప్పిస్తాను" అన్నాను, గొంతు తగ్గించి.

"అట్టా ఎట్టా రాస్తాను సార్? మా అమ్మ పక్కనే ఉంది. పరీక్షలన్నాళ్లూ ఒంటిపూట తిండి తింది. అది అబద్ధమవుద్ది."

"పోనీ పొందితినని రాయి."

"అప్పుడు నేను చదవలేదని అవుద్ది. అదీ అబద్ధమే కద సార్. రెండేళ్లు చదివాను."

సంతకం చెయ్యకుండా ఫారం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ముప్ఫయ్యో తారీకుకి ఇంకా ముప్ఫై నాలుగు రోజులు ఉంది.

అభ్యర్థి ప్రకటించకపోతే సహాయం చేసిన పక్షాన్ని అడగాలని నిబంధన. అందుకని రిజిస్ట్రార్ గారు మూడు చోట్లకి రిజిస్టర్డు పోస్టులో మెమోలు పంపారు. "మీ ప్రాంగణంలో నివాసముండు దైవము పై అభ్యర్థినికి పరీక్షలో ఇచ్చిన సహాయం యొక్క పరిమాణం పదిహేను రోజులలో తెలుపవలెను. లేనియెడల ఏకపక్షంగా నిర్ణయం తీసుకొనబడును."

జవాబులు దేవుడి దగ్గర్నుంచి రాలేదు, ఆయన సిబ్బంది దగ్గర్నుంచి వచ్చాయి. గుడి కార్యనిర్వహణాధికారి, సదరు పేరు మీద అర్చన జరిగినమాట వాస్తవమనీ, ఫలితం విషయమై తమ కార్యాలయం ఎటువంటి హామీ ఇవ్వదని రసీదు వెనకే అచ్చువేశామనీ రాశారు. పాస్టరు గారు, ఆ ఆదివారం తాము ఈ పిన్‌కోడు పరిధిలోని విద్యార్థులందరి కోసం ప్రార్థించామనీ, విడివిడిగా లెక్క కట్టలేదనీ రాశారు. ఈ జవాబు చూసి రిజిస్ట్రార్ గారికి ముచ్చెమటలు పోశాయి. ఆ పిన్‌కోడులో మా విద్యార్థులు పదకొండు వేలమంది. దర్గా చూసుకునే ముజావరు ఉత్తరం రెండే ముక్కలు: "ఎవరి కోసం అని మేము అడగం. తాడు కట్టి పంపిస్తాం."

ఈలోగా ఈ సంగతి తప్పిన పిల్లలకి తెలిసింది. దేవుడు సాయం చేస్తే మార్కులు తీసేసినప్పుడు, దేవుడు ఆగ్రహిస్తే మార్కులు కలపాలి కదా అని నాలుగు వందల పన్నెండు మంది దరఖాస్తులు పెట్టారు. ఒకడు ఏలినాటి శని నడుస్తున్నట్టు జ్యోతిష్కుడి సర్టిఫికెట్టు, గెజిటెడ్ అధికారి సంతకంతో సహా జతచేశాడు. కొట్టిపారేద్దామంటే, దేవుణ్ణి బయటి వ్యక్తిగా మేమే ఒప్పుకున్న పంతొమ్మిది సి అడ్డం వచ్చింది. ఆ ఫైలు ఇప్పటికీ నడుస్తోంది.

ఆ పిల్లకి పాఠం చెప్పిన ప్రొఫెసరుకి కూడా మెమో వెళ్లింది. ఆయన పేరు యడ్లపల్లి సోక్రటీసు. నాస్తికుడైన తండ్రి ముచ్చటపడి పెట్టుకున్న పేరు; కొడుకూ ఆ దారినే పోయాడు. మార్కుల్లో మీ వాటా ఎంత, దైవ వాటా ఎంత అని అడిగితే, "దేవుడు నా క్లాసుకి ఒక్కరోజూ రాలేదు, హాజరుపట్టీ జతచేస్తున్నాను" అని జవాబిచ్చి ఊరుకోక, తిన్నగా వైస్ ఛాన్సలర్ గదిలోకే వచ్చేశారు. ఆ సమయానికి మస్తానమ్మ విచారణ జరుగుతోంది.

"మీరు నాస్తికులు. మీ విద్యార్థిని ఇలా ప్రకటించడం మీకు వ్యక్తిగతంగా అవమానం కాదా?" అని అడిగారు వైస్ ఛాన్సలర్ గారు, కొంచెం రెచ్చగొడుతున్నట్టు.

"అవమానమేంటండీ" అన్నారు సోక్రటీసు గారు. "ఆ పిల్ల శుక్రవారం ప్రసాదం తెచ్చి పెట్టేది. నేను తినేవాణ్ణి. పులిహోర బాగుంటుంది. దేవుడు లేడమ్మా అని చెప్పేవాణ్ణి. వినేది. మళ్లీ శుక్రవారం మళ్లీ తెచ్చేది. ఆ తర్వాత ఇద్దరం మైక్రోస్కోపులో మిరపాకు మీద బూజు చూసేవాళ్లం. ఆయన ఉన్నా లేకపోయినా బూజు అక్కడే ఉండేది. రెండేళ్లలో మాకు ఒక్క పేచీ రాలేదు. మీకెందుకొచ్చింది?"

రిజిస్ట్రార్ గారు ఆ వాక్యాలు నమోదు చెయ్యవద్దని నాకు సైగ చేసి, పిల్లవైపు తిరిగారు. "నువ్వన్న మాటకి అర్థం చెప్పు."

మస్తానమ్మ చేతులు కట్టుకుని చెప్పింది. "ఎవరన్నా మెచ్చుకుంటే నేనే చేశానని అనబాకు, దేవుడి దయ అను, పొగరెక్కకుండా ఉంటది అని మా అమ్మ చిన్నప్పట్నుంచీ చెప్పింది సార్. దేవుడొచ్చి పేపరు రాశాడని కాదు. నేనే రాశాను. సార్ నేర్పింది రాశాను. అయితే రాయగలిగాను చూడండి, జ్వరం రాలేదు, బస్సు తప్పలేదు, మా సార్ లాంటి సార్ దొరికారు... దాన్ని ఇంకేమనాలో నాకు తెలీదు సార్."

"అంటే సహాయం ఉన్నట్టా, లేనట్టా?"

"రెండూ సార్."

"రెండూ అనే గడి లేదమ్మా" అన్నారు రిజిస్ట్రార్ గారు, చాలా దయగా.

నాకు ఆ పూట అన్నం సయించలేదు. ఆ పిల్ల చెప్పింది మా ఇంట్లో, రిజిస్ట్రార్ గారింట్లో, అందరిళ్లలో అందరికీ తెలిసిన సంగతే. ఆఫీసు గుమ్మం దాటాక ఒక్కరికీ తెలియకుండా ఎలా పోతుందో నాకు అంతుపట్టదు.

చివరికి రిజిస్ట్రార్ గారే ఉపాయం కనిపెట్టారు. దేవుడు లేకుండా మళ్లీ పరీక్ష పెట్టాలి. మొత్తం సిలబస్ మీద ఒకటే పేపరు, మూడు గంటలు. అప్పుడు వచ్చిన మార్కులు సంస్థవి. తగ్గినవి దేవుడివి. శాస్త్రీయ పద్ధతి అని వైస్ ఛాన్సలర్ గారు పొంగిపోయారు. ఇరవై ఆరో తారీకు శుక్రవారం పదిగంటలకి అనుకున్నారు. అయితే క్యాలెండరు చూస్తే పదిన్నరకి రాహుకాలం ఉంది. దైవరహిత పరీక్ష కాబట్టి ఏ విఘ్నమూ రాకూడదని, రాహుకాలం వెళ్లాక పన్నెండూ అయిదుకి ముహూర్తం పెట్టారు.

హాల్లో దేవుడు లేకుండా చెయ్యడం ఎలా అన్నది మా విశ్వవిద్యాలయ విద్యామండలిలో చర్చకి వచ్చింది. అంతటా ఉంటాడు కదా అని తత్వశాస్త్ర శాఖ సందేహం వెలిబుచ్చింది. పరీక్ష జరిగే మూడు గంటలపాటు సదరు హాలుకి మాత్రం ఈ లక్షణం వర్తించదని తీర్మానం పెట్టారు. సోక్రటీసు గారు లేచి, హాల్లోనే ఏమిటి, వరండాలో కూడా లేడని సవరణ ప్రతిపాదించారు. వరండా ఎస్టేటు ఆఫీసు కిందికి వస్తుంది కాబట్టి సవరణ వీగిపోయింది. అసలు తీర్మానం అనుకూలంగా పదకొండు, వ్యతిరేకంగా రెండు ఓట్లతో నెగ్గింది.

హాలు సిద్ధం చేసే పని నాదీ, అటెండరు వీరాస్వామిదీ. క్యాలెండర్లు పీకేశాం. గుమ్మానికి కట్టిన నిమ్మకాయ తీసేశాం. గోడ గడియారం ఏదో బ్యాంకు వాళ్లు ఇచ్చింది, ముళ్ల వెనక లక్ష్మీదేవి ఉంది. అదీ దించాం. అంతా అయ్యాక వీరాస్వామి గుమ్మం బయట కొబ్బరికాయ కొట్టాడు. ఇదేంట్రా అంటే, "సాఫీగా జరగాల కదండీ. వరండాలోనే కొట్టానండీ, హాల్లో కాదు" అన్నాడు. తీర్మానం ప్రకారం తప్పు పట్టడానికి లేదు. మేం తలో ముక్కా తిన్నాం.

పిల్ల పదకొండున్నరకి వచ్చింది. బొట్టు తుడుచుకుని రమ్మంటే తుడుచుకునే వచ్చింది. చేతికి దర్గాలో కట్టిన నల్లతాడు ఉంది. మా సెక్షను క్లర్కు ఝాన్సీ కత్తెర తెచ్చింది. నేను వద్దన్నాను. ముడి విప్పడానికి పది నిమిషాలు పట్టింది. తాడును కవర్లో పెట్టి, "తాడు, నల్లది, పాతది, ఒకటి" అని రాసి, లక్క వేసి సీలు చేసి, పిల్ల చేత సంతకం పెట్టించుకున్నాను. ఉత్త మణికట్టు మీద తాడు ఆనవాలు తెల్లగా కనిపించింది. నా కూతురి చెయ్యి గుర్తొచ్చి ఇటు తిరిగాను.

అసలు చిక్కు తల్లితో. పరీక్ష జరిగినంతసేపూ ఆవిడ ప్రార్థన చెయ్యకుండా చూడాలి. పక్కగదిలో కుర్చీ వేసి, ఎదురుగా నన్ను కూర్చోబెట్టారు. పెదాలు గమనించే పని ఝాన్సీది.

"మూడు గంటలు దేవుణ్ణి తలుచుకోకూడదంటే ఎట్టా బాబూ?" అంది తిరుపతమ్మ. "తలుచుకోకూడదు, తలుచుకోకూడదు అనుకుంటే ఇంకా ఆయనే గుర్తొస్తాడు."

మాట నిజమే. చేతికి పని ఉంటే మనసు అటు పోదని, క్యాంటీనులో అడిగి అయిదు కిలోల ఎండుమిరపకాయలు తెప్పించి ఆవిడ ముందు గుమ్మరించాను. ఆవిడ మొహం వికసించింది. కొంగు నడుముకి దోపి, కింద చతికిలబడి, టకటకా తొడిమలు తుంచడం మొదలుపెట్టింది.

సరిగ్గా పన్నెండూ అయిదుకి హాల్లో రిజిస్ట్రార్ గారు ప్రశ్నపత్రం కవరు పట్టుకుని చింపబోయారు. మిరప ఘాటు తలుపు సందులోంచి వెళ్లింది. ఆయన తుమ్మారు. ఒకటే తుమ్ము.

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఒంటి తుమ్ము మీద శుభకార్యం ఎవరు మొదలెడతారు? వైస్ ఛాన్సలర్ గారు కుర్చీ చూపించి, "కూర్చోండి, కాసిని మంచినీళ్లు తాగండి" అన్నారు. రెండో తుమ్ము కోసం ఆరు నిమిషాలు చూశాం. అది వచ్చాక అందరూ "హమ్మయ్య" అన్నారు. పన్నెండూ పదకొండుకి కవరు చింపారు. ఆలస్యానికి కారణం "సాంకేతికం" అని నేనే నమోదు చేశాను.

గంట గడిచింది. "సార్, పెదాలు కదిలాయి!" అని ఝాన్సీ కేకేసింది.

"ఏమనుకున్నావమ్మా?" అని అడిగాను.

"పొద్దున పిల్ల రెండు ఇడ్లీలన్నా తిని రాలేదు బాబూ. తిని వస్తే బాగుండు అనుకుంటన్నా."

ఇది ప్రార్థన కిందికి వస్తుందా రాదా అన్నది రిజిస్ట్రార్ గారికి చీటీ రాసి పంపాను. ఎవరినీ ఉద్దేశించకుండా అనుకుంటే కోరిక, ఉద్దేశిస్తే ప్రార్థన అని ఆయన తిరుగుటపాలో తేల్చారు. తిరుపతమ్మ బుద్ధిగా తలూపి, ఆ తర్వాత పెదాలు పళ్లతో నొక్కిపట్టి పని చేసుకుంది.

రెండున్నరకి కరెంటు పోయింది. పాత హాలు, కిటికీలు చిన్నవి, బయట మబ్బు. తలుపు అద్దంలోంచి చూశాను. పిల్ల కాగితాలు తీసుకుని కిటికీ కిందికి జరిగి, నిలబడి గోడకి ఆనించి రాస్తోంది. గడియారం లేదు, ఎంత టైముందో తెలియదు. కంగారుగా రాస్తోంది. ముప్ఫయ్యో తారీకుకి నాలుగు రోజులుంది. ఇటు చూస్తే తల్లి, పెదాలు కరిచిపట్టి, కళ్లలో నీళ్లు. మిరప ఘాటుకే అనుకోవచ్చు.

నేను పటాల ముందు చాలాసార్లు నిలబడ్డాను. ప్రమోషన్ కోసం, మోకాళ్ల నొప్పి కోసం. అవన్నీ ఒక ఎత్తు. ఆ క్షణంలో నాకు తెలియకుండానే లోపల్నుంచి తన్నుకొచ్చింది. స్వామీ, కరెంటు రప్పించు, ఈ పిల్లని ఒడ్డుకి చేర్చు, నాకింకేం వద్దు అని.

కరెంటు వచ్చింది. విద్యుత్ శాఖ వాళ్లు ఫ్యూజు వేసుంటారు. నాకు తెలుసు.

పేపరు వేరే రాష్ట్రంలో ముగ్గురు దిద్దారు. ముగ్గురూ కూడబలుక్కున్నట్టు తొంభై నాలుగే వేశారు. ఒక్క మార్కు పెరగలేదు, ఒక్కటి తగ్గలేదు. రిజిస్ట్రార్ గారు బోర్డు మీద లెక్క కట్టారు. "మొదటి ఫలితంలోంచి రెండోది తీసివేయగా దైవ వాటా సున్నా. సంస్థ వాటా తొంభై నాలుగు."

"ఆ పిల్ల వాటా?" అని అడిగారు సోక్రటీసు గారు.

రిజిస్ట్రార్ గారు ఫారం ఇటూ అటూ తిప్పి చూశారు. "దానికి గడి లేదండీ."

ఇక మిగిలింది నా సంతకం. "పరీక్షా సమయంలో ఈ ఆవరణలో ఎవరును ఏ దైవమును ప్రార్థించలేదని ధ్రువీకరిస్తున్నాను" అనే పత్రం నా ముందు పెట్టారు. నిజం రాస్తే పరీక్ష రద్దు, ఉద్యోగం ఇంకొకరికి. ముప్ఫై ఒక్క ఏళ్లలో చూడనివాటి మీద బోలెడు సంతకాలు చేశాను. అబద్ధమని తెలిసి చేసింది ఇదొక్కటే. ఆ రాత ఎవరి దయో అని కూడా ఆలోచించలేదు.

ఇరవై తొమ్మిదో తారీకున అవే మెట్ల మీద పట్టా ప్రదానం జరిగింది. ఈసారి విలేకరుల్ని వైస్ ఛాన్సలర్ గారే పిలిపించారు. పట్టా ఆయన ఒక చేత్తో పట్టుకున్నారు, రెండో కొస పిల్ల పట్టుకుంది. ఫొటోలు అయ్యాయి. ఆయన వదల్లేదు.

"ఈ విజయం ఎలా సాధించావమ్మా?" అని అడిగారు విలేకరులు.

మస్తానమ్మ పట్టా వైపు చూసింది. ఆ కొసన ఉన్న వేళ్ల వైపు చూసింది. తల వంచుకోలేదు. నిటారుగా నిలబడి చెప్పింది.

"అంతా యూనివర్సిటీ దయ సార్."

చప్పట్లు మోగాయి. వైస్ ఛాన్సలర్ గారు పట్టా వదిలారు. సోక్రటీసు గారు చప్పట్లు కొట్టకుండా కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కిందికి దిగిపోయారు.

జనం పలచబడ్డాక నేను సీలు కవరు పట్టుకెళ్లాను. తిరుపతమ్మ కూతుర్ని అడుగుతోంది. "అదేందమ్మా, అట్టా అన్నావు?"

"రేపే చేరాలమ్మా" అంది పిల్ల. నేను కవరు చింపి తాడు ఇస్తే తీసుకుంది. చేతికి కట్టుకోలేదు. మడిచి పర్సులో పెట్టుకుంది. నా వైపు చూసి, "వస్తాను సార్" అంది. నేను బాగుండమ్మా అన్నాను. సిగ్గేసింది.

మర్నాడు పొద్దున మండలికి ఫారం పోస్టు చెయ్యాలి. నూట ముప్ఫై తొమ్మిది గడులు నిండాయి, పద్నాలుగోది ఖాళీగా ఉంది. సంస్థలో చేరకముందు విద్యార్థికి తెలియనిదీ, సంస్థ కొత్తగా నేర్పినదీ ఏమి? ఆ పిల్ల నా బల్ల ముందు కూర్చుని, చేతికొచ్చిన ఉద్యోగం పోతుందని తెలిసి కూడా రెండు గడుల్లో దేంట్లోనూ టిక్కు పెట్టకుండా వెళ్లిపోయిన రోజు గుర్తొచ్చింది. కలం తీసి ఆ గడిలో రెండు ముక్కలు రాశాను: "అబద్ధం చెప్పడం." ఆధారములతో అన్నారు కాబట్టి ఆ పొద్దున పేపర్లో పడిన "అంతా యూనివర్సిటీ దయ" కటింగు పిన్నుతో గుచ్చాను. వైస్ ఛాన్సలర్ గారు చదవకుండా సంతకం పెట్టారు.

పదిహేను రోజులకి ఫారం తిరిగొచ్చింది. మాకు 'ఎ' గ్రేడు ఇచ్చారు. పద్నాలుగో గడి పక్కన ఎర్రసిరాతో టిక్కు కొట్టి, "సంతృప్తికరం" అని రాశారు.